సగం పల్టీ

తప్పు నాదే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మీరు మిగతా కథ ప్రశాంతంగా చదువుకుంటారు.

నా పేరు దంగేటి వీర్రాజు. మా పట్నంలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, జిరాక్సు షాపుకీ చెరుకురసం బండికీ మధ్య రేకుల కింద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. నేను రాసిన కాగితం మీద ఇంతవరకూ ఎవడూ కోర్టుకి వెళ్లలేదు. గోదావరి లంకల్లో భూమిని సైతం, నది ఈ ఏడు ఎంత కోసుకుపోయిందో అంగుళాలతో సహా, హద్దు తప్పకుండా వర్ణించగలను. ఆ గర్వమే నా కొంప ముంచింది.

మా అమ్మాయి లిఖిత. డిసెంబరు నాలుగుకి పదేళ్లు నిండుతాయి. ఈ పిల్ల ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కాళ్ల మీద వెళ్లగా నేను చూసిన సందర్భాలు తక్కువ. చేతుల మీద నడిచి వెళుతుంది, లేకపోతే బండిచక్రంలా తిరుగుతూ వెళుతుంది. మంచినీళ్లు తెమ్మంటే గ్లాసు ఒక్కటే నిటారుగా వస్తుంది.

ఆగస్టు నెలలో ఒకరోజు, వాళ్ల మునిసిపల్ స్కూల్లో జిమ్నాస్టిక్స్ నేర్పే ఎస్తేరు మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చింది. మెడలో విజిలు ఉంటుంది గానీ ఆవిడ గొంతుకి దాని అవసరం లేదు.

"వీర్రాజు గారూ, మీ పాపకి ఒళ్లు మాట వింటాదండి. ఇలాంటి పిల్ల నాకు పదిహేనేళ్లలో ఒక్కత్తే తగిలింది. రాష్ట్ర శిక్షణ కేంద్రంలో వేస్తే పైకెళ్తాది. కాపోతే పదేళ్లు నిండకుండా చేరాలి. హాస్టల్లో ఉండాలి. రోజుకి ఆరు గంటలు ప్రాక్టీసు. మోకాళ్లు నొప్పెడతాయి, ఏడుపొస్తాది, పండగలకీ పంపరు. పంపితే ఒక లెక్క, పంపకపోతే ఒక లెక్క. ఆలోచించుకోండి."

"మీరేమంటారు మేడమ్?"

"నేర్పడం వరకే నా పనండి. పంపడం మానడం మీ ఇంట్లో తేల్చుకోండి."

మా ఇంట్లో తేలడమంటే మాటలు కాదు. మా ఆవిడ మంగతాయారు పొద్దున్న పంపుదామనేది. సాయంత్రానికి పిల్ల ముఖం చూసి వద్దనేది. నేను పొద్దున్న వద్దనేవాణ్ణి, సాయంత్రం బల్ల దగ్గర నలుగురూ పొగిడాక పంపుదామనేవాణ్ణి. పదిరోజులు గడిచాయి గానీ మా ఇద్దరి అభిప్రాయాలూ ఒక్కపూట కూడా ఎదురుపడలేదు.

సరిగ్గా అప్పుడే బస్టాండు ముందు ఒక బోర్డు చూశాను. "మీ బిడ్డ ప్రతిభ మీకు తెలియదు. మాకు తెలుసు. జిల్లా క్రీడాప్రతిభా నిర్ధారణ మండలి." తెలిసినవాళ్లు ఇంత దగ్గర్లో ఉండగా మేమెందుకు కొట్టుకుచావడం అనిపించింది.

మామూలు మనిషైతే వెళ్లి నోటితో అడిగి వచ్చేవాడు. నేను అర్జీ రాశాను. పిల్లను పంపవలెనా, వలదా అను సంగతి తమరే నిర్ణయించి తగు ఉత్తర్వులు దయచేయ ప్రార్థన అని రాసి, అక్కడితో ఆపకుండా కింద షెడ్యూలు పెట్టాను. అమ్మే ఆస్తి వర్ణన అంతా ఉండేదే షెడ్యూలు. అది లేని కాగితం నా చేతి మీదుగా ఎప్పుడూ బయటికి పోలేదు.

"దంగేటి లిఖిత. ఎత్తు నాలుగు అడుగుల ఒక అంగుళము. బరువు ఇరవై నాలుగు కిలోలు. జడ పద్నాలుగు అంగుళములు. పాలపళ్లు ఆరు, అందు ఒకటి కదులుచున్నది. ఎడమ మోకాలిపై పుట్టుమచ్చ ఒకటి, గీరుడు మూడు. చేతులపై నడక వచ్చును. బండిచక్రము వచ్చును. వెనక్కి పల్టీ సగము వచ్చును, అనగా గాలిలోకి లేచును, తిరుగును, కాళ్లపై దిగక కూలబడును. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవు."

మంగతాయారు చదివి, కాగితం నా ఒళ్లో పడేసింది.

"పిల్లని పంపాలా అని అడుగుతున్నారా, అమ్మేస్తున్నారా?"

నేను పట్టించుకోలేదు. రాత బాగా కుదిరిన రోజున నాకు ఎవరి మాటా వినపడదు.

మండలి కార్యదర్శి పరిమి విశ్వమోహనరావు గారు నా అర్జీని కుర్చీలో కూర్చుని మొదలుపెట్టి, షెడ్యూలు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడి చదివారు. భారీ మనిషి. కోటు, దాని మీద కండువా. ఆయన గదిలో ఒక గాజు బీరువా నిండా కప్పులు ఉన్నాయి. అన్నీ ఎవరికీ ఇవ్వకుండా మిగిలినవే.

"వీర్రాజు గారూ, ఈ మండలి ఆవిర్భవించి ఆరు సంవత్సరములైనది. ఇంతవరకు ఈ గుమ్మం తొక్కినవారందరూ బంతులు కావాలనీ, వలలు కావాలనీ, ఆడుకొనుటకు స్థలం కావాలనీ వచ్చినవారే. నిర్ణయం కావాలని వచ్చిన ప్రథమ పౌరులు మీరు" అన్నారు.

"పంపమంటారా, వద్దంటారా అండీ?"

"తొందరపడకండి. ఆడుట పిల్లల పని. నిర్ణయించుట సంస్థాగత బాధ్యత. ఆవేశంలో ఎవరైనా పల్టీ కొట్టగలరు. నిర్ణయం అటువంటిది కాదు. దశలవారీగా జరగాలి."

"ఎన్ని రోజులు పడుతుందండీ?"

"మేము రోజులతో కొలవం. దశలతో కొలుస్తాం."

"అది కాదండీ, డిసెంబరు నాలుగుకి పాపకి పదేళ్లు నిండిపోతాయి. ఆ తర్వాత వాళ్లు చేర్చుకోరు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"నిండవు. అంశం మండలి పరిశీలనలో ఉన్నంతకాలం అందులోని వివరములేవీ మారుటకు వీల్లేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "నిర్ణయము వెలువడు వరకు షెడ్యూలునందు వర్ణింపబడిన బాలికను, వర్ణింపబడిన స్థితియందే యథాతథముగా ఉంచవలెను. హెచ్చుతగ్గులకు తండ్రి బాధ్యుడు." వాక్యం బిగువుగా ఉందని ముందు మెచ్చుకున్నాను. అందులో ఏముందో సోమవారం పొద్దున్న తెలిసింది.

సోమవారం ఏడు గంటలకి మండలి క్షేత్ర పరిశీలకుడు పరంజ్యోతి మా వాకిట్లోకి వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదస్తుడు. సంచిలో టేపు, వేలాడదీసే త్రాసు, నా షెడ్యూలు నకలు. కాఫీ ఇస్తే తాగాడు. తర్వాత మా పిల్ల జడ కొలిచాడు.

"పద్నాలుగుంపావు ఉందండి" అన్నాడు బాధగా.

"పెరుగుతుందిగా బాబూ" అంది మంగతాయారు.

"పెరగడానికి మనకి అనుమతి లేదమ్మా."

ఆ పావు అంగుళం నేనే కత్తిరించాను. అప్పట్నించీ ప్రతి ఆదివారం స్కేలు పెట్టుకుని కూతురి జడ కత్తిరించడం నా విధి అయింది. బరువు పావుకిలో ఎక్కువ తేలితే పరంజ్యోతి ముందు చెవిపోగులు తీయించాడు, తర్వాత రిబ్బన్లు తీయించాడు, అప్పటికీ ముల్లు దిగకపోతే కింద తన అరచెయ్యి కొద్దిగా ఆసరా పెట్టి, "ఇప్పుడు సరిపోయిందండీ, ఇరవై నాలుగు" అని రాసుకున్నాడు. మనిషి మంచివాడని అప్పుడే అర్థమైంది.

మూడో వారం పిల్ల జామకాయ కొరికితే కదిలే పన్ను కాస్తా ఊడి వచ్చింది. ఇంట్లో ఇంచుమించు శోకాలు పెట్టినంత పనైంది. మంగతాయారు ఆ పన్నుని కడిగి కర్పూరం డబ్బాలో దాచింది. సోమవారం పరంజ్యోతి నోట్లో ఒకసారి, డబ్బాలో ఒకసారి చూశాడు.

"లోపల అయిదు, డబ్బాలో ఒకటి, వెరసి ఆరు" అని రాసి, పక్కన వివరణ కూడా ఇచ్చాడు. "దంతము స్థలము మారినది గాని బాలిక స్వాధీనములోనే ఉన్నది."

అసలు చిక్కు ఎత్తుతో వచ్చింది. సెప్టెంబరు ఆఖరుకి లిఖిత అర అంగుళం పెరిగింది. జడలా కత్తిరించే వీలు లేదు, పన్నులా డబ్బాలో పెట్టే వీలూ లేదు. పరంజ్యోతి టేపు మెడలో వేసుకుని వాకిట్లో చాలాసేపు పచార్లు చేశాడు. చివరికి షెడ్యూలు తీసి చూసి, ముఖం వెలిగించుకున్నాడు.

"ఎత్తు ఎక్కణ్ణించి కొలవాలో మీరు రాయలేదండి. భూమట్టం నించి కొలుద్దాం."

గునపం తెచ్చి వాకిట్లో అర అంగుళం లోతు గుంట తీశాం. పిల్లను అందులో నిలబెట్టి, పక్కనున్న నేల మట్టం నుంచి కొలిస్తే సరిగ్గా నాలుగు అడుగుల ఒక అంగుళం వచ్చింది. అక్టోబరు నడిమికి గుంట ముప్పావు అంగుళం అయింది. వీధిలో వాళ్లు బోరు వేయిస్తున్నామా అని అడగడం మొదలుపెట్టారు.

వీటన్నిటికీ లిఖిత ఒప్పుకునేది. జడ కొయ్యాలంటే వెనక్కి తిరిగేది, గుంటలో నిలబడమంటే నిలబడేది. ఒక్కటే దానికి కష్టంగా ఉండేది. కొత్తగా ఏదీ నేర్చుకోకూడదని మండలి ఎస్తేరు మేడమ్‌కి విడిగా ఉత్తరం పంపింది. ప్రతి సోమవారం పరంజ్యోతి ఎదుట పాత పరుపు మీద వెనక్కి పల్టీ కొట్టాలి, సగంలో కూలబడాలి. కూలబడితే అతను "సరిపోయిందమ్మా" అని గుర్తు పెట్టుకునేవాడు.

"నాన్నా, దిగడం దగ్గరికొచ్చేసింది. కాళ్లకి తెలుస్తోంది" అంది ఒకరోజు, మెట్ల మీద కూర్చుని.

"నిర్ణయం వచ్చేదాకా ఆగమ్మా."

"ఏం నిర్ణయం?"

"నువ్వు పల్టీలు కొట్టాలా వద్దా అని."

"కొడుతున్నానుగా?"

నేను లేచి లోపలికి వెళ్లి మండలికి ఒక జ్ఞాపక పత్రం రాశాను.

ఎస్తేరు మేడమ్ మాత్రం ఉత్తరం పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది. చెరుకురసం బండివాడు మిషను ఆపేసి విన్నాడు.

"దిగడం నేర్పుతాను గానీ పడ్డం నేర్పే కోచ్‌ని కాదండీ నేను! పిల్ల కాళ్లు నేల కోసం చూస్తన్నాయి. ఆపితే భయం పట్టుకుంటాది. భయం పట్టుకుంటే ఇంక ఏ కేంద్రమూ ఏం చెయ్యలేదు. మిమ్మల్ని ఇంట్లో తేల్చుకోమంటే ఊళ్లో పెట్టారేటండీ?"

అక్టోబరు ఆఖరి సోమవారం నాడు జరగవలసింది జరిగింది. ఎప్పటిలాగే పరుపు వేశాం. పరంజ్యోతి పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. లిఖిత రెండడుగులు వేసి, మోకాళ్లు వంచి, వెనక్కి లేచింది. గాలిలో చుట్ట చుట్టుకుని తిరిగింది. తర్వాత కూలబడిన చప్పుడు రాలేదు. రెండు కాళ్లూ ఒకేసారి పరుపు మీద ఆనిన చప్పుడు వచ్చింది. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది మా పిల్ల.

మంగతాయారు చప్పట్లు కొట్టింది. గోడమీంచి పక్కింటివాళ్లు కొట్టారు. నేను కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టినవాడు పరంజ్యోతి. టేపు ఎగరేసి మరీ కొట్టాడు. అది కింద పడ్డాక అతనికి తన ఉద్యోగం గుర్తొచ్చింది.

"ఎంత పని చేశావమ్మా!" అన్నాడు, గుంట గట్టున చతికిలబడి.

"నేనేం చెయ్యలేదండీ. కాళ్లే వచ్చాయి" అంది లిఖిత. కానీ దాని ముఖం చూస్తే ఏమీ చెయ్యనట్టు లేదు. ఆ నవ్వు నేను రెండు నెలలుగా చూడలేదని అప్పుడే తెలిసింది.

పరంజ్యోతి నివేదికలో ఇలా రాశాడు. "ఉదయం ఏడుంబావుకు అభ్యర్థిని నిలబడెను. ప్రేరేపించినవారెవరూ లేరని ప్రాథమికముగా తెలియవచ్చినది." మూడోరోజుకి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. మండలి పరిశీలనలో ఉన్న బాలిక ఎందువలన కాళ్లపై దిగవలసి వచ్చినదో తెలుపవలెను అని. నాలుగు పేజీల జవాబు రాశాను. నేల ఉండవలసిన చోటనే ఉండుట వలనను, కాళ్లు సకాలములో చేరుకొనుట వలనను ఇట్టి పొరపాటు జరిగినదే తప్ప ఇందులో బాలికకు గాని నాకు గాని దురుద్దేశము లేదని మనవి చేసుకున్నాను. ఆ రాత కూడా బాగా కుదిరింది. అదే నా దౌర్భాగ్యం.

నవంబరు పదిహేనున విచారణకు పిలిచారు. మండలి హాల్లో పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కార్యదర్శి విశ్వమోహనరావు గారు, ఒక పక్క ఎముకల డాక్టరు గారు, రెండో పక్క ఒకప్పుడు క్యారమ్స్‌లో జిల్లా స్థాయికి వెళ్లి వచ్చిన సలహాసభ్యుడు. మేము నలుగురం, అంటే నేను, మంగతాయారు, లిఖిత, ఎస్తేరు మేడమ్, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. పరంజ్యోతి ఒక మూల చిన్న బల్ల దగ్గర రికార్డు రాస్తున్నాడు.

"మన ముందున్న మౌలిక ప్రశ్న ఏమనగా, ఈమె ఆమేనా?" అన్నారు కార్యదర్శి గారు.

"కాదు" అన్నాడు క్యారమ్స్ సభ్యుడు వెంటనే. "సగం వచ్చిన బాలిక గురించి సలహా అడిగారు. మొత్తం వచ్చిన బాలికను తీసుకొచ్చారు. రేపు ఇంకోటి కూడా వస్తుంది. ఇలా వచ్చుకుంటూ పోతే మనం ఎవరి గురించి నిర్ణయించాలి?"

"ఎముకలపరంగా నాకు అభ్యంతరం లేదు" అన్నారు డాక్టరు గారు. ఆయన ప్రతి విచారణలోనూ ఆ మాటే అంటారట.

లిఖిత చెయ్యెత్తింది, స్కూల్లో ఎత్తినట్టు.

"తర్వాత" అన్నారు కార్యదర్శి గారు.

నేనూ దాని చెయ్యి పట్టుకుని కిందికి దించాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం మర్యాద నేర్పుతున్నాననుకున్నాను.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని ఒక తీర్మానానికి వచ్చారు. పూర్వస్థితి పునరుద్ధరణ జరగాలి. అంటే బాలిక ఇక్కడే, ఇప్పుడే, మండలి సమక్షంలో మళ్లీ సగం పల్టీ కొట్టి కూలబడాలి. కూలబడితే ఫైలు బతుకుతుంది.

ఎస్తేరు మేడమ్ లేచి నిలబడింది. "ఏటండీ, వచ్చిన విద్య వెనక్కి తీసుకోమంటారా? మీ పిల్లలకి ఎక్కం వచ్చేస్తే మరిచిపోమంటారా?"

"భావోద్వేగాలకు ఇది వేదిక కాదు మేడమ్."

పరుపు వేశారు. పాపం, పిల్ల నిజంగానే ప్రయత్నించింది. పెద్దవాళ్లు చెప్పారు కదా అని. మొదటిసారి లేచి, తిరిగి, టక్కున నిలబడింది. రెండోసారి కళ్లు మూసుకుని కొట్టింది. నిలబడింది. మూడోసారి గాలిలో ఉండగానే "పడాలి, పడాలి" అనుకోవడం మా అందరికీ వినిపించింది. అయినా నిలబడింది.

"సారీ సార్. కాళ్లు ముందే వచ్చేస్తున్నాయి" అంది, ఏడుపు గొంతుతో.

విశ్వమోహనరావు గారికి సహనం నశించింది. "పడుటలో కష్టమేమున్నది? ఇది కేవలం సంకల్పలోపం! చూపిస్తాను, చూసి నేర్చుకో." కోటు విప్పి డాక్టరు గారికిచ్చారు. కండువా క్యారమ్స్ సభ్యుడికిచ్చారు. జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి, పై వరస కట్టుడుపళ్లు ఆరూ అందులో పెట్టి పరంజ్యోతి బల్ల మీద ఉంచారు. పరుపు మీదికి నడిచి, పిల్ల వంచినట్టే మోకాళ్లు వంచారు.

లేచారు. జానెడు లేచారు. ఎటో ఒక వైపు తిరిగారు. తర్వాత ఆ హాల్లో వచ్చిన చప్పుడుకి పక్క గదిలోని గాజు బీరువాలో కప్పులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. డాక్టరు గారు కోటు పట్టుకునే పరుగెత్తారు. మండలిలో చేరాక ఆయనకి పని తగలడం అదే మొదటిసారి.

"ఇలా!" అన్నారు కార్యదర్శి గారు నేల మీంచే, వేలు పైకెత్తి. "చూశారా? ఇలా పడాలి!"

పరంజ్యోతి నిజాయితీపరుడు. జరిగింది జరిగినట్టు రాశాడు. "గాలిలోకి లేచిరి, తిరిగిరి, కాళ్లపై దిగక కూలబడిరి." క్యారమ్స్ సభ్యుడు ఆ కాగితం తీసుకుని చదివాడు. నా షెడ్యూలు తీసి చదివాడు. మళ్లీ ఇదీ, మళ్లీ అదీ చదివాడు. ఆ తర్వాత రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పెట్టి, విచారణ వాయిదా వేశాడు.

వారం తర్వాత తుది ఉత్తర్వు చేతికొచ్చింది. ఇంత స్పష్టమైన ఉత్తర్వు నేను నా సర్వీసులో చూడలేదు. "షెడ్యూలునందు వర్ణింపబడిన బాలిక ప్రస్తుతము అలభ్యము. షెడ్యూలునందు వర్ణింపబడిన సగము పల్టీ కార్యదర్శి వారి వద్ద మాత్రమే లభ్యము. ఆరు పళ్లు డబ్బాలో ఉన్నట్లు లెక్కించి ధ్రువీకరించడమైనది. వయసు విషయమై, వారికి పదేళ్లు నిండినట్లు ఈ ఫైలులో ఎటువంటి ఆధారమూ లేదు. కావున అర్హతను అనుసరించి కార్యదర్శి వారినే రాష్ట్ర శిక్షణ కేంద్రమునకు పంపుటకు నిర్ణయమైనది."

మరో రెండు రోజులకే బస్టాండులో ఆ బోర్డు కింద దండలు వేసి సాగనంపారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, ప్రతిభ ఏ వయసులోనైనా బయటపడవచ్చునని ప్రసంగించారు. నడుముకి పట్టీ ఉండటం వల్ల నిలబడే మాట్లాడారు. ఇప్పుడాయన అక్కడ రోజుకి ఆరు గంటలు ప్రాక్టీసు చేస్తున్నారని, పండగలకి పంపరని, పల్టీ మాత్రం ఇంకా సగమే వచ్చిందని పరంజ్యోతి చెబుతుంటాడు.

ఆయన్ని సాగనంపిన రోజు సాయంత్రం మా వాకిట్లో ఎస్తేరు మేడమ్, మంగతాయారు, నేను కూర్చున్నాం.

"ఇంకా పది రోజులుందండి" అంది ఎస్తేరు మేడమ్. "ఇప్పుడన్నా తేల్చండి."

నేను అలవాటు కొద్దీ తెల్ల ఠావు తీశాను. మధ్యలో గీత కొట్టాను, ఒక పక్క లాభాలు, ఒక పక్క నష్టాలు రాద్దామని. మంగతాయారు చూపు చూసి పెన్ను మూత పెట్టేశాను.

లిఖిత గుంటలో నిలబడి ఉంది. సోమవారం కాదు, ఎవరూ రమ్మనలేదు. ఊరికే వెళ్లి నిలబడింది. చేతిలో నా అర్జీ నకలు. ఎప్పుడు తీసిందో, ఇంట్లో బల్ల సొరుగులోంచి తీసింది.

"నాన్నా, ఇంకా నేను ఇందులోనే నిలబడాలా?"

"అక్కర్లేదమ్మా. వచ్చెయ్."

రాలేదు. కాగితం వంకే చూస్తోంది.

"ఇందులో నా పళ్లున్నాయి. జడుంది. మచ్చ కూడా ఉంది. గీరుడు మూడు అని రాశావు, అప్పుడు నిజంగా మూడే." వేలు కాగితం చివరిదాకా జరిపింది. "నాకు వెళ్లాలనుందో లేదో మాత్రం లేదు."

ఆ కాగితం తీసుకుని పైనుంచి కిందికి చదివాను. నది కోసుకుపోయిన భూమికి హద్దులు రాసే మనిషిని. నా కూతురిని అంగుళం వదలకుండా వర్ణించాను. ఆ ఒక్కటీ లేదు. మండలివాళ్ల మీద మూడు నెలలుగా కోపంగా ఉన్నాను గానీ, వాళ్లకంటే ముందు అడగవలసినవాణ్ణి నేను. ఒకే ఇంట్లో ఉండి కూడా అడగలేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"వెళ్లాలనుందా అమ్మా?" అన్నాను.

"ఉంది" అంది లిఖిత. "భయం కూడా ఉంది."

"ఏది ఎక్కువ?"

"పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి."

మంగతాయారు నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. పిల్ల గుంటలోంచి బయటికి వచ్చి మా ముందు నిలబడింది. భూమట్టం మీద నిలబడితే ఎంత పెరిగిందో అప్పుడు కనిపించింది.

"వెళ్తాను. ఎస్తేరు మేడమ్ చెప్పినట్టు మోకాళ్లు నొప్పెడితే ఊరుకుంటాను. కానీ ఇంక వద్దనిపిస్తే ఫోన్ చేస్తా. అప్పుడు వచ్చెయ్యాలి. ఎందుకని అడక్కూడదు. ఊరివాళ్లేమంటారో అనకూడదు. ఎవరికీ అర్జీ పెట్టకూడదు."

"వస్తాను."

"రాసివ్వు."

నా కూతురు మరి. తెల్ల ఠావు మళ్లీ తీశాను. మధ్యలో కొట్టిన గీత అలాగే ఉంది, దాని మీదే రాశాను. "లిఖిత ఫోన్ చేస్తే వస్తాను." కింద సంతకం పెట్టాను. సాక్షులుగా మంగతాయారు, ఎస్తేరు మేడమ్ పెట్టారు. మేడమ్ సంతకం పెడుతూ ముక్కు ఎగబీల్చింది, ధూళి అంది.

లిఖిత రెండుసార్లు చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది.

"షెడ్యూలేదీ?"

"దీనికి లేదమ్మా."

సరేనని మడిచి, పన్ను ఊడిన సందులో బిగించి పట్టుకుని, చేతుల మీద నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను లేచి వాకిట్లో గుంట పూడ్చాను.